దీపావళికి లీవు పెట్టరా బక్కోడా

తిరుపతి,
మార్చి 2026.

ఒరే బక్కోడా,

"రాబోయే వాటిలో చూడదగ్గ సినిమాలు నాలుగు రాసి పంపరా, మనవీ, చైనావీ, జపాన్‌వీ ఏవైనా సరే, ఫైటింగులు మాత్రం ఉండాలి" అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి పెట్టేశావు. నాలుగు పేర్లు రాసి ఊరుకోవడం నా వల్ల అవుతుందా? నేను కిరాణా కొట్టుకు చీటీ రాసినా వెనకవైపు కథ ఉంటుందని మా ఆవిడ తిడుతుంది. అందుకే ఈ ఉత్తరం. పూణేలో మీ ఆఫీసు క్యాబు ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఒక పేజీ చదువుకో.

ముందు నా ఏడుపు విను. పోయిన నెల ఇక్కడ ఒక హాల్లో బయటి దేశం యాక్షన్ సినిమా వేశారు. రోజుకు ఒకే ఆట, అదీ రాత్రి పదిన్నరకు. బండేసుకుని పోతే లోపల నేనూ, ఇద్దరు కాలేజీ పిల్లలూ, ఒక పెద్దాయనా. పావుగంట కూర్చోబెట్టి, "నలుగురికి ఆట వేస్తే కరెంటు ఖర్చు కూడా రాదు సార్" అని డబ్బులు వెనక్కిచ్చారు. ఆ పెద్దాయన లేవలేదు. "నాకు సినిమా వద్దు నాయనా, ఆ ఏసీ వేసి పెట్టండి చాలు" అన్నాడు. వాళ్ల బాధ వాళ్లదేలే. ఒకటి మాత్రం తెలిసింది, ఇలాంటివి మన ఊరికొస్తే మొదటి రెండు రోజుల్లోనే పట్టుకోవాలి. ఆదివారం చూద్దాంలే అనుకున్నామంటే గోడ మీద పోస్టరు కూడా మిగలదు.

సరే, అసలు సంగతికి వస్తా. ఎనిమిదో క్లాసు సెలవుల్లో నిన్ను మా అమ్మమ్మ వాళ్ల ఊరికి తీసుకుపోయాను, భారతానికి. గుర్తుందా? పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. నువ్వు మొదటి రెండు రోజులూ కలర్ సోడాల చుట్టూనే తిరిగావు. అర్జునుడి తపస్సు రోజు మాత్రం నోరు తెరిచి నిలబడ్డావు. అర్జునుడి వేషం కట్టినాయన పద్యం పాడుకుంటూ ఒక్కో మెట్టూ తపస్సు మాను, అదే నిలువునా పాతిన ఆ పొడుగాటి మొద్దు, ఎక్కుతూ ఉంటే, కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిచీరలతో సాష్టాంగపడి ఉన్నారు. ఆయన పైనుంచి నిమ్మకాయలూ విభూదీ విసురుతున్నాడు. "పడిపోతే?" అని నువ్వు గట్టిగా అడిగితే, అమ్మమ్మ "నోరు మూసుకోని చూడు, మాను కదులుతాది" అంది.

పాశుపతం దొరుకుతుందని అక్కడ ఉన్న ప్రతివాడికీ తెలుసు. కథలో దాపరికమేమీ లేదు. అయినా గొంతెండిపోయింది, ఎందుకంటే ఎక్కేది మనిషి. అప్పటినుంచి ఏ యాక్షన్ సినిమా చూసినా నాది ఒకటే పరీక్ష. గొంతెండిందా, లేదా? దాన్ని మాను పరీక్ష అని పిలుస్తాను. నవ్వకు.

ఈ పరీక్షలో నేను కళ్లు మూసుకుని పాస్ చేసే మనిషి యూన్ వూపింగ్. పేరు నీకు తెలియకపోవచ్చు, పని తెలుసు. 1978లో జాకీ చాన్‌తో 'డ్రంకెన్ మాస్టర్' తీసింది ఆయనే. 1999లో 'మ్యాట్రిక్స్'లో కీను రీవ్స్‌ని తాళ్లకు కట్టి ఎగరేసిందీ, మరుసటి ఏడాది 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'లో వెదురు కొమ్మల మీద కత్తియుద్ధం చేయించిందీ ఆయనే. మన వాళ్లు రోప్ షాట్ అంటారే, దానికి ప్రపంచమంతటా గిరాకీ తెచ్చిన చేతులవి. 1945లో పుట్టాడు. ఆ వయసులో ఇప్పుడు 'బ్లేడ్స్ ఆఫ్ ది గార్డియన్స్' తీశాడు. చైనా కొత్త సంవత్సరానికి, ఫిబ్రవరి 17న, అక్కడ విడుదలైంది. వూ జింగ్ హీరో, జెట్ లీ కూడా ఉన్నాడు. తానే పరారీలో ఉన్న నేరస్తుడు, ఇంకొక నేరస్తుణ్ణి ఎడారి దాటించి చాంగాన్ నగరానికి చేర్చాలి. ఇంత చాలు నాకు. గుర్రాలూ, ఇసుకా, కత్తులూ ఉన్నాయి, మధ్యలో ఎవడూ ప్రేమపాట పాడడు. పూణేలో ఎక్కడైనా వేస్తే వదలకు, నాకంటే ముందు చూసి కథ చెప్పావంటే మాత్రం చంపేస్తా.

ఇంకొకటి 'ది ఫ్యూరియస్'. దర్శకుడు కెంజి తనిగాకి, జపాన్ వాడు, హాంకాంగ్ సినిమాలకు స్టంట్లు కట్టీ కట్టీ పేరు తెచ్చుకున్నాడు. మొన్న 2024లో వచ్చిన 'ట్విలైట్ ఆఫ్ ది వారియర్స్' ఫైట్లు ఆయనవే. ఆ సినిమా నీకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, చూశావో లేదో. కౌలూన్ వాల్డ్ సిటీ అని హాంకాంగ్‌లో ఒక పేట ఉండేది. ఆరున్నర ఎకరాల్లో ముప్ఫై వేల పైచిలుకు జనం, ఎండ పడని సందులు, నెత్తిన కరెంటు తీగలు. 1990ల్లో కూల్చేశారు. సినిమా కోసం దాన్ని మళ్లీ కట్టారు. మనం సైకిలు తోయలేక తిట్టుకునేవాళ్లమే గాంధీ రోడ్డు వెనక సందు, అంత సందులో నలుగురు కొట్టుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. దానికి ముందు కథా, తరవాతి కథా రెండూ తీస్తామని ప్రకటించారు కూడా.

'ది ఫ్యూరియస్'లో కూతుర్ని ఎత్తుకుపోతే తండ్రి వెతుక్కుంటూ పోతాడు. కథ పాతదే, వెయ్యిసార్లు చూశాం. నన్ను లాగింది హీరో. షియే మియావ్ అని, 1990ల్లో జెట్ లీ పక్కన కొడుకు వేషాల్లో ఎగిరి తన్నే బుడ్డోడు ఉండేవాడే, వాడు. వాడిప్పుడు తండ్రి వేషం కట్టే వయసుకొచ్చాడు. మనకెంత వయసొచ్చిందో లెక్క వేసుకోకు. పోయిన సెప్టెంబరులో టొరంటో ఉత్సవంలో చూపించారు, మామూలు హాళ్లలోకి ఈ ఏడాది రావాలి.

ఇప్పుడు పురాణాలు. ఇక్కడే నీకూ నాకూ గొడవ.

చైనా వాళ్లకు 'ఫెంగ్‌షెన్' అని ఒక పెద్ద పురాణ నవల ఉంది. రాజు చెడిపోవడం, నక్క ఆడవేషంలో వచ్చి అతన్ని ఆడించడం, ఆ వంశం కూలడం, చచ్చిన వీరులను దేవుళ్లుగా నిలబెట్టడం. వూర్‌షాన్ అనే దర్శకుడు దాన్ని మూడు భాగాలుగా తీశాడు. మూడూ ఒకేసారి షూటింగ్ చేసి, మొదటిది 2023లోనూ రెండోది 2025లోనూ వదిలాడు. మూడోది రావాలి. కొత్త కుర్రాళ్లను తీసుకుని, నెలల తరబడి క్యాంపులో పెట్టి గుర్రమూ బాణమూ నేర్పించాడు. మొదటి భాగంలో ఆ కుర్రాళ్లు మంచు మీద గుర్రాలతో వచ్చేటప్పుడు ఆ కష్టం కనపడుతుంది. రెండో భాగం నాకంతగా ఎక్కలేదు, పెద్ద పెద్ద బొమ్మలు ఎక్కువై మనుషులు చిన్నబోయారు.

అదే నవల్లోంచి వచ్చిన పిల్లాడే నేజా. వాడి మీద తీసిన రెండో కార్టూన్ సినిమా 2025 జనవరిలో వచ్చి రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. రూపాయలు కాదురా, డాలర్లు. తీసినాయన ఫార్మసీ చదువు చదివి దీంట్లోకి దూకాడు, జియావోజి అని పేరు పెట్టుకున్నాడు. అంటే వాళ్లు ఉడికించి తినే కజ్జికాయ లాంటిది. అసలు విశేషం అది కాదు. నేజా అనే పేరు మన నలకూబరుడి నుంచి వెళ్లిందంటారు పండితులు. కుబేరుడి కొడుకు, నారదుడి శాపానికి మద్దిచెట్టయి నిలబడితే చిన్నికృష్ణుడు రోలు ఈడ్చి విడిపించాడే, వాడే! బౌద్ధుల గ్రంథాల్లో ఎక్కి చైనా పోయి, కాళ్ల కింద నిప్పు చక్రాలు తగిలించుకుని కూర్చున్నాడు. ఇది చదివిన రోజు మా నాన్నకు చెబితే, "పోతే పోయినాడు, బాగుపడినాడు కదా" అన్నాడు.

మన రామాయణం దీపావళికి వస్తోంది. నితేశ్ తివారీ తీస్తున్నాడు, రెండు భాగాలు, రెండోది 2027 దీపావళికి. రణబీర్ కపూర్ రాముడు, సాయిపల్లవి సీత, యశ్ రావణుడు. సంగీతం రెహమాన్, హాన్స్ జిమ్మర్ కలిసి. ఇంతమంది ఉన్నారు కదా, ఇంకేం భయం అంటావు నువ్వు. నా భయం నాది. సముద్రమూ గ్రాఫిక్సే, వారధీ గ్రాఫిక్సే, కోతులూ గ్రాఫిక్సే అయితే గొంతెండేది ఎక్కడ? సాయిపల్లవి మీద మాత్రం నమ్మకముంది. ఆ పిల్ల ఊరికే నిలబడినా ఏదో జరుగుతున్నట్టుంటుంది. అశోకవనంలో గడ్డిపోచ అడ్డం పెట్టుకుని రావణుడితో మాట్లాడే ఘట్టం ఒక్కటి సరిగ్గా కుదిరితే వారధి ఎలా కట్టినా నాకు పట్టదు.

"నీ మాను పరీక్ష గాడ్జిల్లాకు ఏమైందిరా?" అని ఫోన్లో దెప్పావు కదా. ఒప్పుకుంటున్నా, అక్కడ నా పరీక్ష బోల్తా కొట్టింది. 'గాడ్జిల్లా మైనస్ వన్' చూస్తూ చెక్క పడవ వెనక ఆ తల నీళ్లలో ఈదుకుంటూ వచ్చేసరికి కుర్చీ పట్టుకున్నాను. మొత్తం కంప్యూటర్ బొమ్మే. ఆ గ్రాఫిక్స్ చేసిన బృందంలో 35 మందే, 610 షాట్లు. దర్శకుడు యమజాకి తానే గ్రాఫిక్స్ పని కూడా చూసుకుని 2024లో ఆస్కార్ పట్టుకుపోయాడు. దర్శకుడికే ఆ గ్రాఫిక్స్ బహుమతి రావడం హాలీవుడ్ దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ తరవాత ఇదే. దాని తరవాతి భాగం 'గాడ్జిల్లా మైనస్ జీరో' జపాన్‌లో నవంబరు 3న వస్తోంది. 1954లో మొట్టమొదటి గాడ్జిల్లా విడుదలైన తేదీ అదే. మన దీపావళి నవంబరు 8. ఒకే వారంలో అక్కడ రాక్షసుడు, ఇక్కడ రావణుడు.

దీని మీద చాలా ఆలోచించాను. మన భారతంలో చివరి రోజు దుర్యోధనుడు కూడా బొమ్మే కదా! మైదానం అడ్డంగా పడుకోబెట్టిన మట్టి మనిషి. భీముడు తొడ మీద కొట్టగానే లోపల దాచిన ఎర్రనీళ్లు చిమ్మాయి, ద్రౌపది వేషం కట్టినాయన అవి జుట్టుకు రాసుకుని ముడి వేసుకున్నాడు. కుండలో రంగు పోసి పూడ్చేటప్పుడు నువ్వూ నేనూ పక్కనే ఉన్నాం. అంతా తెలిసి కూడా ఏడ్చావు నువ్వు. జనం మట్టి తవ్వుకుని ఇళ్లకు పట్టుకుపోతుంటే, నువ్వు జేబులో వేసుకున్నావు, మీ అమ్మ నిక్కరుతో సహా ఉతికేసింది. మనిషైతేనే గొంతెండుతుందన్న నా మాట అప్పుడే చెల్లలేదన్న మాట. మట్టికీ ఎండుతుంది. దేనికి ఎండదో ఇంకా తేలలేదు, నువ్వొస్తే తేల్చుకుందాం.

రాజమౌళి 'వారణాసి' గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, పాలవాడు కూడా దాని గురించే మాట్లాడతాడు. 2027 ఏప్రిల్ 7న అన్నారు, ఉగాది రోజే. టీజర్‌లో కాశీ, అంటార్కిటికా, ఆఫ్రికా, త్రేతాయుగపు లంక అన్నీ చూపించి, చివర మహేశ్ బాబును ఎద్దు మీద త్రిశూలంతో దించాడు. రాముడిగా కూడా కనిపిస్తాడట. మొదటి రోజు టికెట్ల గొడవ మా తమ్ముడికి అప్పజెప్పేశాను, మనకు ఓపిక లేదు.

ఈ లోపల నీకు ఒక హోంవర్క్. జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'సెవెన్ సమురాయ్' చూడు. 1954దే, మొదటి గాడ్జిల్లా తీసిన కంపెనీదే, ఆ ఏడాదిదే. మూడున్నర గంటలు, నలుపు తెలుపు. 'దానవీరశూరకర్ణ' కదలకుండా చూసినోడివి, దీనికి భయపడకు. చివర వానలో బురదలో జరిగే యుద్ధం చూశాక నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా గ్రాఫిక్స్ గురించి నాతో వాదించడానికి వీల్లేదు.

ప్లాను ఇదీ. దీపావళికి నాలుగు రోజులు లీవు పెట్టు. రామాయణం ఇక్కడ చూడొద్దు. సూళ్లూరుపేటలో నూరడుగుల పైన వెడల్పున్న తెర ఉంది, ఇప్పుడది మన జిల్లానే. శ్రీకాళహస్తి మీదుగా కారులో రెండు గంటలు. పొద్దున్నే బయలుదేరి నాయుడుపేటలో టిఫిను.

మా నాన్న కూడా వస్తానంటున్నాడు. వయసులో ఉన్నప్పుడు రెండేళ్లు భీముడి వేషం కట్టాడు కదా, ఇలాంటివి వదలడు. ఆయన షరతులు రెండు. మోకాళ్ల నొప్పులు కాబట్టి వరసలో చివరి కుర్చీ. రెండోది, రావణుడికి ఒక్క పద్యమైనా ఉండాలి, లేకపోతే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేస్తాడట. హిందీ సినిమాలో పద్యం ఎక్కడిది నాన్నా అంటే, "డబ్బింగులోనన్నా పెట్టరా?" అంటున్నాడు. అందుకే బస్సు వద్దు, కారు తాళం నీ దగ్గర పెట్టుకో. ఆయన లేస్తే ఇంటికి తీసుకొచ్చేది నువ్వే, నేను మాత్రం పూర్తిగా చూస్తా.

నీ
గుండు