ఫోన్‌ను రూట్ చేయబోయే మిత్రుడికి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సొరుగులో పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను బయటికి తీశావనీ, దాన్ని రూట్ చేసి నీకు నచ్చినట్టు మార్చుకోవాలని ఉన్నదనీ, ఒక్క మీట నొక్కితే పని పూర్తయ్యే యాప్ ఏదైనా ఉంటే దాని పేరు రాయమనీ అడిగావు. పాత ఫోన్‌తో మొదలుపెట్టాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. రోజూ వాడే ఫోన్ మీద తొలి ప్రయోగం చేసి, మర్నాడు ఎవరికీ ఫోన్ చేయలేక కూర్చున్న వాళ్లలో నేనూ ఒకడిని. యాప్ పేరు మాత్రం రాయను. ఒక్క మీటతో రూట్ చేస్తామనే యాప్‌లు ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో సరిచేయకుండా మిగిలిపోయిన భద్రతా లోపాల మీద ఆధారపడి పనిచేసేవి. ఆ లోపాలు చాలావరకు మూసుకుపోయాయి కనుక ఇప్పటి ఫోన్లలో అవి పనిచేయవు. ఒకవేళ పనిచేసినా, లోపల ఏముందో తెలియని ఒక ప్రోగ్రాముకు నీ ఫోన్ మీద సర్వాధికారాలూ నువ్వే అప్పగించినట్టవుతుంది. ఇంటి తాళంచెవుల గుత్తిని దారిన పోయేవాడి చేతిలో పెట్టి తలుపు తీయించుకోవడం ఎందుకు చెప్పు?

అసలు రూట్ అంటే ఏమిటో మొదట కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే అది తెలియకుండా అంచెలు మాత్రం బట్టీ పట్టినవాడు ఎక్కడో ఒకచోట తప్పకుండా తడబడతాడు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, దాన్ని కెర్నల్ అంటారు. లినక్స్‌లో ప్రతి వాడుకరికీ ఒక సంఖ్య ఉంటుంది, అందులో 0 సంఖ్య గల వాడుకరి పేరే రూట్, అతనికి అడ్డు చెప్పేవారు ఉండరు. ఆండ్రాయిడ్ ఈ ఏర్పాటును తనకు అనువుగా వాడుకుని, నువ్వు ఇన్‌స్టాల్ చేసుకునే ప్రతి యాప్‌నూ ఒక ప్రత్యేక వాడుకరిగా లెక్కించి, దానికి 10000 నుంచి మొదలయ్యే ఒక సంఖ్య ఇస్తుంది. అందుకే ఒక యాప్ దాచుకున్న ఫైళ్లను మరో యాప్ తొంగి చూడలేదు. ఫోన్ కొన్న నువ్వు కూడా ఈ లెక్కలో రూట్‌వి కాదు, ఆ 0 వాడుకరి సింహాసనం తయారీదారు దగ్గరే ఉండిపోతుంది. రూట్ చేయడమంటే ఎస్‌యూ అనే చిన్న ప్రోగ్రామును లోపలికి చేర్చి, అడిగిన యాప్‌కు నీ అనుమతితో ఆ 0 హోదా ఇప్పించడం, అంతే.

ఇక్కడ ఒక పాత ముచ్చట చెప్పాలి. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో, కీబోర్డు మీద ఏం టైపు చేసినా అది తెరమీది యాప్‌కే కాక, వెనకాల కనిపించకుండా నడుస్తున్న రూట్ హోదాతో ఆజ్ఞలు అమలుచేసే ఒక షెల్‌కు కూడా చేరిపోయేది. మాటల మధ్య ఎవరైనా రీబూట్ అన్న పదం ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే రీబూట్ అయిపోయేది! ఆ పొరపాటును పట్టుకునే జనం ఆ ఫోన్‌ను రూట్ చేశారు. గూగుల్ త్వరలోనే దాన్ని సరిదిద్దింది. అంత సులువైన రోజులు మళ్లీ రాలేదు.

ఇప్పటి దారి బూట్‌లోడర్ దగ్గర మొదలవుతుంది. మీట నొక్కి ఫోన్ ఆన్ చేసినప్పుడు ఆండ్రాయిడ్ కంటే ముందే లేచి, మిగతా వ్యవస్థ తయారీదారు డిజిటల్ సంతకంతో ఉన్నదో లేదో సరిచూసుకుని ముందుకు పంపే ద్వారపాలకుడు అది. లాక్ చేసి ఉన్నంతకాలం తయారీదారు సంతకం లేని దేన్నీ లోపలికి రానివ్వదు కనుక, మొదట ఆ లాక్ తీయాలి. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాలు ఉండే చోట సాఫ్ట్‌వేర్ కూర్పును తెలిపే బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ అనే రెండింటినీ ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో గూగుల్ వారి ప్లాట్‌ఫామ్ టూల్స్ పెట్టుకుంటే కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆజ్ఞలు పంపే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ అనే రెండు పనిముట్లు వస్తాయి. ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ మోడ్‌లోకి తెచ్చి, చాలా ఫోన్లలో ‘ఫాస్ట్‌బూట్ ఫ్లాషింగ్ అన్‌లాక్’ అనే ఆజ్ఞ ఇస్తే, ఫోన్ తెరమీద ఒకసారి నిర్ధారణ అడిగి లాక్ తీస్తుంది. షావోమీ వంటి కంపెనీలు తమ సొంత అన్‌లాక్ ప్రోగ్రాము ద్వారానే అనుమతి ఇస్తాయి. శామ్‌సంగ్ ఫోన్లలో ఫాస్ట్‌బూట్ లేదు, అక్కడ డౌన్‌లోడ్ మోడ్, ఓడిన్ అనే ప్రోగ్రాము వాడతారు. కొన్ని మోడళ్లకైతే లాక్ తీసే అవకాశమే ఉండదు, నీ ఫోన్ అలాంటిదైతే ఈ కథ ఇక్కడితో ముగిసినట్టే.

లాక్ తీసిన మరుక్షణం ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోలు, మెసేజ్‌లు, కాంటాక్టులు ఏవీ మిగలవు. నీ ఫోన్ దొంగ చేతికి చిక్కితే అతడు కూడా ఇదే పద్ధతిలో లాక్ తీసి నీ సమాచారం చదవకుండా పెట్టిన జాగ్రత్త అది, దాన్ని తిట్టుకోకు. ఆ తర్వాత ఫోన్ ఆన్ చేసినప్పుడల్లా ఈ పరికరాన్ని నమ్మలేమన్న హెచ్చరిక కాసేపు కనిపిస్తుంది. మొదటిసారి దాన్ని చూసి ఫోన్ పాడైపోయిందని నేను కంగారుపడ్డాను. శామ్‌సంగ్ ఫోన్లలో మరో మెలిక ఉంది. అధికారికం కాని సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా వ్యవస్థలో ఒక ఫ్యూజు శాశ్వతంగా మారిపోతుంది, తర్వాత అసలు సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా అది మామూలు స్థితికి రాదు, సెక్యూర్ ఫోల్డర్ వంటివి ఇక పనిచేయవు.

లాక్ తీయగానే పని అయిపోయిందనుకోకు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. రూట్ చేయడానికి ఈనాడు ఎక్కువమంది వాడేది మ్యాజిస్క్. జాన్ వూ అనే డెవలపర్ దీన్ని 2016లో విడుదల చేశాడు. అంతకుముందు పద్ధతులు ఆండ్రాయిడ్ ఉండే సిస్టమ్ పార్టిషన్ అనే నిల్వ భాగంలోకి చొరబడి ఫైళ్లు మార్చేవి. మ్యాజిస్క్ దాని జోలికి పోకుండా, ఫోన్ లేచేటప్పుడు వాడే బూట్ ఇమేజ్ అనే ఫైలును మాత్రం సవరించి, మిగతా మార్పులన్నీ పైన కప్పిన తెరలా చూపిస్తుంది, తెర తీసేస్తే అడుగున అసలు సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. నీ ఫోన్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ తాలూకు పూర్తి ప్యాకేజీ సంపాదించి, దానిలోంచి బూట్ ఇమేజ్‌ను వేరుచేసి, ఫోన్‌లోకి కాపీ చేసి, మ్యాజిస్క్ యాప్ చేత దాన్ని సవరింపజేసి, ఆ సవరించిన ఫైలును తిరిగి కంప్యూటర్‌కు తెచ్చుకుని, ఫాస్ట్‌బూట్‌తో ఫ్లాష్ చేయాలి, అంటే ఫోన్‌లోకి ఎక్కించాలి. ఆండ్రాయిడ్ 13తో బయటికి వచ్చిన ఫోన్లలోనూ, ఆ తర్వాతి వాటిలోనూ సాధారణంగా సవరించవలసినది బూట్ ఇమేజ్ కాదు, ఇనిట్ బూట్ అనే మరో ఇమేజ్. పాత ఫోన్‌ను ఆండ్రాయిడ్ 13కు అప్‌డేట్ చేసుకుంటే మాత్రం అది బూట్ ఇమేజ్‌తోనే ఉంటుంది, ఇక్కడ చాలామంది పొరబడతారు.

ఇప్పుడు నా కథ చెబుతాను. నా ఫోన్‌కు బూట్ ఇమేజ్ కావలసి వచ్చినప్పుడు, పూర్తి ప్యాకేజీ చాలా పెద్దదన్న బద్ధకంతో, అదే మోడల్ పేరుతో ఎవరో విడిగా పెట్టిన ఇమేజ్ ఫైలును దించుకున్నాను. మోడల్ సరైనదే. కానీ ఆ ఇమేజ్ నా ఫోన్‌లో ఉన్న దానికంటే రెండు అప్‌డేట్ల వెనకటిది. మ్యాజిస్క్ ఏ అభ్యంతరమూ లేకుండా సవరించింది, ఫాస్ట్‌బూట్ ఏ అభ్యంతరమూ లేకుండా ఎక్కించింది, ఫోన్ మాత్రం కంపెనీ గుర్తు చూపడం, ఆరిపోవడం, మళ్లీ గుర్తు చూపడం, ఇలా రాత్రంతా తిరిగింది. దీన్నే బూట్‌లూప్ అంటారు. సరైన అసలు ఇమేజ్‌ను ముందే దాచుకుని ఉంటే ఒకే ఒక్క ఆజ్ఞతో రెండు నిమిషాల్లో బయటపడేవాడిని. దాచుకోలేదు కనుక, సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని వెతికి, దించి, మళ్లీ ఎక్కించేసరికి తెల్లవారింది. లోపలికి వెళ్లడం మాత్రమే నేర్చుకున్న అభిమన్యుడి పరిస్థితి నాది, కాకపోతే నా శత్రువు నా బద్ధకమే.

అందుచేత రూట్ చేయడం నేర్చుకునే ముందు రూట్ తీసేయడం నేర్చుకో. నీ ఫోన్ బిల్డ్ నంబర్‌ను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకో. సరిగ్గా ఆ బిల్డ్‌కే చెందిన పూర్తి ప్యాకేజీని కంప్యూటర్‌లో పెట్టుకుని, సవరించని బూట్ ఇమేజ్‌కు వేరే పేరుతో మరో కాపీ తీసి ఉంచు. ఏమీ మార్చకముందే ఆ అసలు ఇమేజ్‌ను ఒకసారి ఫ్లాష్ చేసి ఫోన్ మామూలుగా లేస్తోందో లేదో చూసుకున్నావంటే, తిరుగు దారి మీద ఒకసారి నడిచి చూసినట్టే. కొన్ని ఫోన్లలో మరో సౌకర్యం కూడా ఉంది. సవరించిన బూట్ ఇమేజ్‌ను ఫ్లాష్ చేయకుండానే ‘ఫాస్ట్‌బూట్ బూట్’ అనే ఆజ్ఞతో తాత్కాలికంగా నడిపి చూడవచ్చు, ఫోన్ లేవకపోతే మీట నొక్కిపట్టి రీబూట్ చేస్తే పాత ఇమేజ్‌తోనే లేస్తుంది. ఇనిట్ బూట్ వాడే ఫోన్లలో ఈ ఉపాయం చెల్లదు. అన్నిటికంటే ముఖ్యంగా, సవరించిన సాఫ్ట్‌వేర్ లోపల ఉండగా బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేయకు. ద్వారపాలకుడు మళ్లీ కాపలాకు వచ్చి, సంతకం లేని ఇమేజ్‌ను చూసి ఫోన్‌ను అక్కడే ఆపేస్తాడు. అసలు సాఫ్ట్‌వేర్ అంతా తిరిగి ఎక్కించాకే లాక్ గురించి ఆలోచించాలి.

మరో చిన్న సంగతి. ‘వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్’ అని కంప్యూటర్ పలికి కదలకుండా కూర్చుంటే, ఫోన్‌ను అనుమానించకు. విండోస్‌లో డ్రైవర్ లేకపోవడమో, కేబుల్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చేది కావడమో సాధారణంగా కారణం. నేను ఒక సాయంత్రమంతా కేబుల్ పుణ్యమా అని పోగొట్టుకున్నాను.

అంతా అయ్యాక రూట్‌తో ఏం చేసుకుంటావన్నది నువ్వు రాయలేదు. నాకు నిజంగా ఉపయోగపడినవి కొన్నే. సిస్టమ్‌లో హోస్ట్స్ అనే ఫైలు ఒకటి ఉంటుంది, ఏ సైటు పేరు అడిగితే ఏ చిరునామాకు వెళ్లాలో అది ముందుగా చెబుతుంది. ఆడ్‌అవే అనే యాప్ రూట్ సాయంతో ఆ ఫైల్లో ప్రకటనల సర్వర్ల పేర్లన్నీ చేర్చి, వాటిని ఎటూ తీసుకుపోని చిరునామా వైపు మళ్లిస్తుంది. ప్రకటనలు చాలావరకు ఫోన్ అంతటా మాయమవుతాయి. యాప్‌లను వాటి లోపలి సమాచారంతో సహా బ్యాకప్ తీసుకోవడం రెండోది. అయితే తయారీదారు ముందే నింపిపెట్టిన అక్కరలేని యాప్‌లను వదిలించుకోవడానికి రూట్ అవసరం లేదు, ఏడీబీ ద్వారా వాటిని నీ వాడుకరి ఖాతా వరకు తొలగించవచ్చు, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అవి తిరిగి వస్తాయి కనుక భయమూ లేదు. హోమ్ స్క్రీన్ రూపం, ఐకాన్లు, విడ్జెట్లు మార్చడానికైతే మంచి లాంచర్, అంటే హోమ్ స్క్రీన్‌ను నడిపే యాప్, ఒకటి చాలు. నువ్వు నచ్చినట్టు మార్చుకోవడం అన్నది కేవలం రూపమే అయితే, దయచేసి ఒక వారం లాంచర్‌తో గడిపి చూసి, అప్పటికీ తృప్తి కలగకపోతేనే ముందుకు రా.

మ్యాజిస్క్‌కు అదనపు హంగులు చేర్చే మాడ్యూళ్లు ఊరిస్తాయి. ఒక్కసారి ఒక్కటే ఎక్కించి, రీబూట్ చేసి, ఒక రోజు వాడి చూశాకే రెండోది ఎక్కించు. అయిదు కలిపి ఎక్కించి ఫోన్ లేవకపోతే దోషి ఎవరో తేల్చుకోలేవు. అలాంటి స్థితి వస్తే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో లేపు, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నిటినీ అదే నిలిపివేస్తుంది.

ఇక ప్రతికూలతలు దాచకుండా రాస్తాను. బ్యాంకు యాప్‌లు, చెల్లింపుల యాప్‌లు చాలావరకు గూగుల్ వారి ప్లే ఇంటెగ్రిటీ అనే పరీక్ష ద్వారా ఫోన్ చెక్కుచెదరకుండా ఉన్నదో లేదో తెలుసుకుంటాయి. బూట్‌లోడర్ లాక్ తీస్తేనే ఆ పరీక్షలో ఫోన్ సాధారణంగా తప్పుతుంది, రూట్ దాకా పోనక్కరలేదు. దాన్ని ఏమార్చే మాడ్యూళ్లు పుడుతూనే ఉంటాయి, చస్తూనే ఉంటాయి. ఆ పిల్లీ ఎలుకా ఆటలో నేను కొన్నాళ్లు ఆడి విసిగిపోయాను. నా సలహా ఏమిటంటే డబ్బుకు సంబంధించిన యాప్‌లను ఆ ఫోన్‌లో అసలు పెట్టకు. కంపెనీ పంపే అప్‌డేట్లు కూడా సవరించిన ఇమేజ్ ఉంటే సాధారణంగా ఎక్కవు, ప్రతిసారీ అసలు ఇమేజ్‌ను తిరిగి పెట్టి, అప్‌డేట్ చేసి, కొత్త ఇమేజ్‌ను మళ్లీ సవరించాలి. నా రెండు అప్‌డేట్ల కథ ఎలా మొదలైందో నీకిప్పుడు అర్థమై ఉంటుంది.

నీ ఫోన్ పాతది కనుక, రూట్ కంటే నీకు కస్టమ్ రామ్ (ROM), అంటే తయారీదారు ఇచ్చిన దాని బదులు ఎక్కించుకునే వేరే ఆండ్రాయిడ్, ఎక్కువ నచ్చవచ్చని నాకు అనిపిస్తోంది. స్టీవ్ కాండిక్ మొదలుపెట్టిన సయానోజన్‌మాడ్ అనే అలాంటి రామ్ 2016 డిసెంబరులో ఆగిపోయినప్పుడు, దాని వారసత్వంగా లినియేజ్ ఓఎస్ వచ్చింది. కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన ఫోన్లు ఎన్నో దాని వల్ల ఇంకా కొత్త ఆండ్రాయిడ్‌తో తిరుగుతున్నాయి. దానిలో రూట్ ముందుగా ఉండదు, అక్కరలేకపోతే పెట్టుకోనక్కరలేదు. నీ మోడల్‌కు లినియేజ్ వారి అధికారిక మద్దతు ఉంటే, ఆ మోడల్‌కే ప్రత్యేకంగా రాసిన సూచనలు వారే ఇస్తారు, వాటిని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివి, రెండోసారి చదువుతూ చేయాలి.

ఫోన్‌ను కనీసం సగానికి పైగా ఛార్జ్ చేసి ఉంచు. మోడల్ నంబరు, బిల్డ్ నంబరు రెండూ ఉన్నవి ఉన్నట్టు రాసి పంపు, పేరు ఒకటే అయినా లోపలి మోడల్ వేరుగా ఉండే ఫోన్లు ఉంటాయి కనుక ఊహించి రాయకు. సరైన ప్యాకేజీ ఏదో ఇద్దరం కలిసి చూసుకుందాం. నా జవాబు వచ్చేదాకా ఓఈఎం అన్‌లాకింగ్ దగ్గరికి నీ వేలు పోనివ్వకు, ఫొటోలు మాత్రం ఈ రోజే కంప్యూటర్‌లోకి మార్చుకో.

ఇట్లు,
నీ మిత్రుడు