ఫ్లాటు కొనేముందు సెల్లార్‌లోకి దిగి చూడండి

సంపాదకులకు,

విజయవాడలో ఫ్లాటు కొనేవాళ్లు చాలామంది మాడ్యులర్ కిచెన్ చూసి అడ్వాన్సు ఇచ్చేస్తున్నారు. నేనూ అదే చేశాను. బ్రోచర్‌లో 1,250 చదరపు అడుగులు. గృహప్రవేశం అయ్యాక మా బావమరిది టేపు పట్టి కొలిస్తే గోడల లోపల 900 కూడా తేలలేదు. మిగతాది మెట్లు, లిఫ్టు, కారిడార్లలో నా వాటా అట! 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల మనం వాడుకునే స్థలం, ఎంతో బిల్డర్ చెప్పాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. స్వాధీనం చేసిన 5 ఏళ్లలో కట్టడపు లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడంలో నివసించవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం), దస్తావేజులో మన స్థలం వాటా ఎన్ని గజాలు అన్నవీ చూసుకోవాలి.

కాగితాలు బాగుంటే సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి అపార్టుమెంటు సెల్లార్ నిండా నీళ్లే. మోటారు, లిఫ్టు, బైకులు అన్నీ పోయాయి. అసోసియేషన్ ఉంది గానీ కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చుల కోసం దాచే ఉమ్మడి నిధి) లేదు. నెలనెలా వసూలు చేసే మెయింటెనెన్స్ వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకే సరి. మీటింగు పెడితే మొదటి అంతస్తాయన, "మేం లిఫ్టు ఎక్కం, డబ్బులెందుకు కట్టాలి?" అన్నారు. ఆ పంచాయితీ తేలడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్లూ నాలుగో అంతస్తులో ఉన్న మా చెల్లెలి అత్తగారు కిందికి దిగలేదు.

- ఒక ఫ్లాటు యజమాని, పటమట, విజయవాడ