పాఠంలో లేని మూడో పిన్ను: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను టీచర్‌ను కాదు. వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర రోడ్డు పక్కన మోటర్ వైండింగ్ షాపు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా బతుకుతున్న ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ను. కాలిపోయిన బోరు మోటర్లు, కూలర్ పంపులు, మిక్సీలు నా దగ్గరికి వస్తాయి. వాటి వెంట వాటి కథలూ వస్తాయి. ఈ ఉత్తరం నాతో రాయించింది మాత్రం ఒక టార్చి బల్బు.

పోయిన సంక్రాంతి సెలవులకు ముందు ఆరో తరగతి పిల్లగాడొకడు షాపుకొచ్చాడు. వాళ్ల నాయిన బోరు మోటర్ నా దగ్గరికే తెస్తాడు కాబట్టి తెలిసిన పిల్లగాడే. వేళ్లన్నీ మసి. చేతిలో రెండు వైరు ముక్కలు, వాటి కొసన పగిలిన చిన్న బల్బు. బళ్లో సార్ సెల్లుతో బల్బు వెలిగించి చూపించాడట. ఇంట్లో సెల్లు దొరకలేదు. గోడకు స్విచ్చుబోర్డు ఉంది. వైర్లు రెండూ సాకెట్లో దూర్చాడు.

“సార్ చెప్పిన సర్క్యూటే పెట్టిన కాకా. బల్బు పటాక లెక్క పేలింది. సర్క్యూట్ల తప్పేమున్నది?”

తప్పేమీ లేదు. అందుకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు తీగలు, మధ్యలో బల్బు, దారి పూర్తయింది. బొమ్మలో ఉన్నట్టే పెట్టాడు. సెల్లు 1.5 వోల్టులు, సాకెట్ 230 వోల్టులు, అంటే నూట యాభై రెట్లకు పైనే. ఆ తేడా వాడికి అంకెగా తెలుసేమో గానీ చేతికి తెలియదు. వైరు తొడుగు మీద పట్టుకున్నాడు కాబట్టి మసితో పోయింది.

మర్నాడు వాడి సైన్సు పుస్తకం తెప్పించుకుని చదివాను. నిజం చెప్పాలంటే పాఠం బాగుంది. మేం చదువుకున్న రోజుల్లో ఇంత బాగా ఉండేది కాదు. సెల్లు ఉంది, బల్బు ఉంది, స్విచ్చు ఉంది. కరెంటును పోనిచ్చేవేవి, పోనివ్వనివేవి అని పిల్లలే పెన్సిలు ముక్క, రబ్బరు, గుండుసూది పెట్టి చూసుకునే పని ఉంది. సర్క్యూట్ అంటే బయలుదేరిన చోటికి తిరిగి రావాల్సిన దారి అని పిల్లలకు బాగా నాటుకుంటుంది.

లేనిదల్లా ఒక్కటే. భూమి.

ఆ సెల్లు సర్క్యూట్ చదివిన పిల్లగాడు ఏమనుకుంటాడో ఆలోచించండి. రెండు తీగలు పట్టుకుంటేనే కరెంటు పారుతుంది, ఒక్క తీగ ముట్టుకుంటే ఏమీ కాదు. సెల్లు విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఊళ్లో కరెంటు విషయంలో అది ప్రాణాలు తీసే నమ్మకం. ఎందుకంటే మన గద్దె మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగను, అంటే కరెంటు తిరిగొచ్చే తీగను, భూమిలోకి దించి పాతిపెడతారు. అంటే రెండో తీగ అక్కడి నుంచి మన పొలం దాకా, మన వాకిలి దాకా నేల కిందే పరుచుకుని ఉంది. చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడ్డ పిల్లగాడు అప్పటికే రెండో తీగ పట్టుకున్నట్టు. వాడు ముట్టుకోవాల్సింది ఇంకొక్కటే.

మా దిక్కు ప్రమాదాలు ఏవి తీసుకున్నా ఈ సర్క్యూటే. బట్టలారేసే దండెం చూడండి. ఇనుప తీగ కట్టి ఒక కొస రేకులకు, ఇంకో కొస కరెంటు స్తంభానికి బిగిస్తారు. సర్వీసు వైరు గాలికి ఊగి ఊగి దాని మీద ఒరుసుకుంటుంది. తొడుగు అరిగిన రోజు దండెమే ఫేజు తీగ, అంటే కరెంటు వచ్చే తీగ అవుతుంది. తడి బట్టతో తల్లి ముట్టుకుంటుంది, ఆమెను లాగబోయి బిడ్డ, బిడ్డను లాగబోయి నాయిన. మా పక్క వాడకట్టులో అట్లా ఒకే ఇంట్లో ఇద్దరు పోయారు. అక్కడికి పోయి ఆ దండెం విప్పింది నేనే. వైరు మీద అరిగిన చోటు గోరంత కూడా లేదు.

ఎండాకాలం కూలర్ సంగతీ అంతే. వరంగల్ ఎండకు ఇనుప డబ్బా కూలర్ లేని ఇల్లు తక్కువ. నీళ్లు పోసేది, పక్కన ఆడుకునేది ఆడవాళ్లూ పిల్లలే. నా దగ్గరికి వచ్చే కూలర్లలో సగానికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. మూడు పిన్నులది ఉంటే, పాత సాకెట్లో పట్టడం లేదని మూడోదాన్ని కోసేసి ఉంటారు. ఆ కోసేసిన పిన్ను ఏమిటో చెప్పే పాఠం కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

షాపుకొచ్చే పిల్లలను నేనొక ప్రశ్న అడుగుతాను. ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా, లావుగా ఎందుకుంది? ఇంటర్ చదివే పిల్లలు కూడా తెల్లమొహం వేస్తారు. పొడుగ్గా ఉంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికన్నా ముందు తగులుతుంది, తీసేటప్పుడు చివర్లో వదులుతుంది. కరెంటు లోపలికి రాకముందే భూమికి దారి తయారుగా ఉండాలని పెట్టిన ఏర్పాటు. లోపల తీగ తెగి డబ్బాకు తగిలితే కరెంటు మనిషి గుండా పోకుండా ఆ దారిన దిగి, ఫ్యూజును కొట్టేయాలి. అంత ఆలోచన పెట్టి చేసిన దాన్ని మనం కటింగ్ ప్లేయర్‌తో కోసేస్తాం.

ఫ్యూజు ఉంది కదా, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఉంది కదా అంటారు. అవి తీగలను కాపాడతాయి, మనిషిని కాదు. ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించవచ్చు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 230 వోల్టుల మీద తీసుకునేది దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు. 10 మిల్లీ ఆంపియర్లు దాటితే చెయ్యి బిగుసుకుపోయి తీగను వదలలేదు. తడి చర్మం నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే, 230ని 1000తో భాగించి చూడండి: 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఇంట్లో ఎంసీబీ 16 ఆంపియర్లది, అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి దాని లెక్కలోకే రాడు, ఇంకో ఐదారు బల్బులు వేసుకున్నారనుకుంటుంది. ఇక ఫ్యూజు మాటికి ఎగిరిపోతోందని రాగి పోగులు నాలుగు మెలేసి కట్టే ఇళ్లలో ఆ కాపలా కూడా లేదు.

మనిషిని లెక్కలోకి తీసుకునేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్చు. పోయిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎటో పోయాయంటే ఎవరి ఒంట్లోంచో పోతున్నాయని కొట్టేస్తుంది. దాని మీద ‘టీ’ అక్షరంతో ఒక బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. ఉన్న ఇళ్లలోనే నొక్కిన వాళ్లను నేను చూడలేదు. 5 హెచ్‌పీ మోటర్ ఒకసారి వైండింగ్ చేయించే ఖర్చు కన్నా అది తక్కువకే వస్తుంది. బడికొకటి పెట్టించి, నెలనెలా ఆ బటన్ నొక్కే పని పిల్లలకు అప్పజెప్పండి. ఇంటికి పోయి, మనింట్ల ఉన్నదా అని వాళ్లే అడుగుతారు.

పదో తరగతి పుస్తకంలో ఇవి కొన్ని ఉన్నాయని నాకు తెలుసు. మా బిడ్డ పుస్తకంలో చూశాను. షాక్ ఎందుకు కొడుతుంది, తీగ మీద వాలిన పిట్టకు ఎందుకు ఏమీ కాదు, అన్నీ ఉన్నాయి. సంతోషమే. కానీ పదో తరగతి చాలా ఆలస్యం. మా ఊళ్లలో పన్నెండేళ్లకే “పోయి మోటర్ ఆన్ చేసి రా బిడ్డా” అంటారు. తెల్లవారుజామున మంచుకు తడిసిన ఒడ్డు మీద వట్టి కాళ్లతో నడిచి, ఎర్తింగ్ (భూమికి దారి) లేని ఇనుప స్టార్టర్ డబ్బా మూత తీసే చెయ్యి ఏడో తరగతి చెయ్యి. పాఠం ఆ చేతి కన్నా ముందుండాలి కదా సార్.

ఇంకో మాట. ఇప్పుడు పిల్లలకు కరెంటు గురించి అందేది భయమే. ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు, పుర్రె బొమ్మ. భయపడ్డ పిల్లగాడు పెద్దలు చూస్తుంటే ముట్టుకోడు, అంతే. పతంగి తీగలకు చిక్కుకుంటే ఇనుప చువ్వ తెచ్చి పొడుస్తాడు. గణపతి మండపానికి లైటింగ్ కావాలంటే పైతీగకు కొక్కెం వేస్తాడు. ములుగు, భూపాలపల్లి దిక్కు చేన్లలో అడవి పందుల కోసం కరెంటు తీగలు పెట్టి, వాటికే మనుషులు బలైపోయిన వార్తలు మీకు కొత్త కాదు. ఆ తీగ పెట్టినవాడూ ఏదో ఒక బళ్లో కరెంటు పాఠం చదివినవాడే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో దేశంలో ఏటా పది వేల మందికి పైగా షాక్‌తో చనిపోతున్నారు. రామగుండంలో, చెల్పూరులో కరెంటు పుట్టించే నేల మనది. దానితో ఎట్లా మెలగాలో ముందు మన పిల్లలకే తెలియాలి.

పాఠం చెప్పడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఉండే టెస్టర్ చాలు. టెస్టర్ ఎందుకు వెలుగుతుంది? దాని వెనక మొన మీద మన వేలు పెడితేనే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది. అంటే సర్క్యూట్ పూర్తయింది మన ఒంట్లోంచే. లోపల పది లక్షల ఓముల దాకా ఉండే నిరోధం పెట్టారు కాబట్టి మిల్లీ ఆంపియర్‌లో పావు వంతు కూడా పారక మనకు తెలియడం లేదు. టీచర్ చేసి చూపించి, ఆ నిరోధం లేకపోతే ఏమయ్యేదని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పిల్లలు చేసేవి మాత్రం సెల్లుల మీదే ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు.

బల్బు పేల్చిన పిల్లగాడితో, వాడి నలుగురు దోస్తులతో ఒక ఆదివారం షాపులో ఇది చేశాను. ప్లాస్టిక్ టబ్బులో చెలక మట్టి పోసి, రెండు మేకులు దూరదూరంగా గుచ్చాం. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ. తీగ దారి మధ్యలో మట్టి. ఎండు మట్టిలో వెలగలేదు. చెంబెడు నీళ్లు పోస్తే మినుకుమన్నది. పిడికెడు ఉప్పు కలిపితే బాగా వెలిగింది. “మట్టిలకెళ్లి కరెంటు పోతాందే!” అని ఒకడు ఎగిరాడు. వానాకాలం స్తంభాన్ని ఎందుకు ముట్టుకోవద్దో, ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు ఎందుకు వేస్తారో, ఎండాకాలం అందులో నీళ్లు ఎందుకు పోయాలో నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. సామానుకు వంద రూపాయలు కూడా కాలేదు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్‌కు పెట్టాలని మర్చిపోయి పది నిమిషాలు తల గోక్కున్నది మాత్రం నేనే.

హన్మకొండలోనే ఉత్తర తెలంగాణ డిస్కం, అంటే ఇళ్లకూ పొలాలకూ కరెంటు పంచే సంస్థ, ప్రధాన కార్యాలయం ఉంది. ఆ శాఖతో మాట్లాడి ఏడాదికి ఒక్క పూట ఆ ఊరి లైన్‌మన్‌ను బడికి పంపించండి. గ్లవ్స్, బెల్టు, ఎర్త్ రాడ్ చూపించి, ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపామన్న అనుమతి, తీసుకోకుండా తాను స్తంభం ఎందుకు ఎక్కకూడదో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. తెగిపడ్డ తీగకు కనీసం పది మీటర్ల దూరంలో ఆగి కరెంటోళ్ల నంబరు 1912కు ఫోన్ చేయాలని ఆయన నోట వినాలి. షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపడం, ఆపాక ఊపిరి లేకపోతే 108కి చెప్పి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నడుమ గట్టిగా నొక్కడం ఆడపిల్లలకూ మగపిల్లలకూ చేసి చూపించాలి. ఆడపిల్లలకు ముందు అంటాను. దండెం, కూలర్, హీటర్ రాడ్ దగ్గర ఉండేది వాళ్లే. ఫ్యూజు వేయడం నేర్పేది మాత్రం మగపిల్లలకే. ఇదేం న్యాయమో!

టీచర్లకు తీరిక లేదంటారు. పరీక్షలో మూడో పిన్ను మీద నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి పెట్టించండి, తీరిక అదే వస్తుంది.

ఇక చివరి సంగతి. ఆ ఆదివారం ఇంటికి పోతూ పిల్లగాడు అడిగాడు: “మరి మా బడిల మూడో పిన్ను యాడికి పోతది కాకా?” నాకు తెలియదన్నాను. సోమవారం ఇద్దరం పోయి చూశాం. 2022లో సర్కారు బడులను బాగుచేయడానికి ‘మన ఊరు – మన బడి’ మొదలుపెట్టినప్పుడు రాసుకున్న 12 రకాల పనుల్లో విద్యుదీకరణ ఒకటి. ఈ బళ్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి. సాకెట్ల నుంచి వచ్చిన ఆకుపచ్చ తీగ మీటర్ బోర్డు వెనక దాకా వచ్చి, అక్కడ చుట్ట చుట్టి మేకుకు వేలాడుతోంది. భూమిలోకి పోలేదు. పిల్లలు నీళ్లు పట్టుకునే ఫిల్టర్ ఆ లైను మీదే ఉంది.

గుంత నేను తవ్విస్తానన్నాను. పైపు, ఉప్పు, బొగ్గు, ఆర్‌సీసీబీ, అన్నీ నావే. పై నుంచి ఆర్డరు లేకుండా బడి ఆవరణలో తవ్వనివ్వలేమని అక్కడి వాళ్లు అన్నారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల భయం వాళ్లది. ఆ ఆర్డరు కాగితం మీరిప్పించండి. జూన్‌లో బడులు తెరిచేలోపు వస్తే, తొలి వానకు ముందే పని అయిపోతుంది. పిల్లగాడు అప్పుడే గడ్డపార ఎవరిస్తారని అడుగుతున్నాడు.

ఇట్లు,
మోటర్ వైండింగ్ చేసుకునే ఒక ఐటీఐ ఎలక్ట్రీషియన్,
వరంగల్ జిల్లా