చిన్నాకి, కార్డు రీడర్ కొనే ముందు

చిన్నా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న కళ్ళజోడు మార్పించుకున్నారా లేదా? ఈసారి ఉత్తరం నిండా కార్డు రీడర్ సంగతే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

మొన్న ఫోన్లో "అక్కా, కార్డు రీడర్ ఏది కొనమంటావు?" అని అడిగావు. ఆఫీసుకి బయల్దేరే హడావుడిలో "ఏదో ఒకటి కొనుక్కోరా, అన్నీ ఒకటే" అనేశాను. ఫోన్ పెట్టేశాక దారంతా మనసు అక్కడే ఉంది. అలా అని ఉండాల్సింది కాదు. కెమెరా కార్డులోని ఫొటోల్ని లాప్‌టాప్‌లోకో ఫోన్లోకో దించే చిన్న వస్తువే, కానీ నువ్వు తీసే ప్రతి ఫొటో దాని గుండానే బయటికి రావాలి. అన్నీ ఒకటి కావని నాకు బాగా తెలుసు కూడా. ఎలా తెలిసిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెప్తున్నాను.

అమ్మ ఇక్కడికి వచ్చి నెల రోజులు ఉంది కదా. ఆ నెలంతా తీసిన ఫొటోలు, వీడియోలు ఒకే 64 జీబీ కార్డులో ఉండిపోయాయి. అమ్మని విమానం ఎక్కించి తిరిగొచ్చిన రాత్రి ఇల్లు బోసిగా అనిపించి, ఆ ఫొటోలైనా చూసుకుందామని కూర్చున్నాను. సొరుగులో ఎప్పటిదో పాత రీడర్ కనిపిస్తే కార్డు అందులో పెట్టి లాప్‌టాప్‌కి తగిలించాను. ఫొటోలు రాలేదు. "ఈ డిస్కు వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని స్క్రీన్ మీద చిన్న పెట్టె వచ్చింది. ఫార్మాట్ అంటే కార్డులో ఉన్నదంతా తుడిచేయడమని నాకు తెలియక కాదు. కానీ అంత టెన్షన్‌లో, అది చేస్తే తప్ప తెరుచుకోదేమో అనిపించింది. వేలు మౌస్ మీదే ఉంది. ఎందుకో ఆగి, కార్డు తీసి మళ్ళీ కెమెరాలో పెట్టి చూశాను. కిటికీ పక్కన కూర్చుని ఊలు దారం చుట్టుకుంటున్న అమ్మ, నవ్వుతూ. అన్నీ ఉన్నాయి. కాళ్ళు చల్లబడి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను.

మర్నాడు ఆఫీసులో ఒక స్నేహితురాలి రీడర్ అడిగి తెచ్చాను. పెట్టగానే తెరుచుకుంది.

అంటే కార్డుకి ఏ రోగమూ లేదు, రీడరే పాతబడింది. ఎస్‌డీ కార్డులు, అంటే కెమెరాల్లో పెట్టే ఈ మెమరీ కార్డులు, 1999లో వచ్చాయి. మొదటి రకం 2 జీబీ వరకే. తర్వాత 2006లో ఎస్‌డీహెచ్‌సీ వచ్చి 32 జీబీ దాకా వెళ్ళింది. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ అని ఇంకో రకం ప్రకటించారు, అది 32 జీబీ దాటి 2 టీబీ వరకు. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పొడవు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 24. అందుకే పాత రీడర్‌లో కొత్త కార్డు చక్కగా దూరుతుంది, కానీ లోపల ఉన్నది దానికి అర్థం కాదు. అర్థం కానిదాన్ని ఖాళీ డిస్కు అనుకుని కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటావా అని అడుగుతుంది. కొత్త రీడర్ పాత కార్డుల్ని చదువుతుంది, పాత రీడర్ కొత్త కార్డుల్ని చదువుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఎవరైనా "మా ఇంట్లో పాతదొకటి ఉంది, తీసుకో" అంటే వద్దను. ఆ ఫార్మాట్ ప్రశ్న నీకు ఎప్పుడు కనబడినా క్యాన్సిల్ నొక్కి, కార్డు తీసి, వేరే రీడర్‌లో పెట్టి చూడు. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా ఉత్తరం మర్చిపోయినా నాకు బాధ లేదు.

కేబుల్‌తో కెమెరానే లాప్‌టాప్‌కి తగిలిస్తున్నానన్నావు. పని జరుగుతుంది కానీ, కాపీ అయ్యేంతసేపూ కెమెరా ఆన్‌లో ఉండాలి. మధ్యలో బ్యాటరీ అయిపోతే కాపీ ఆగిపోతుంది. రోజూ పెట్టి తీస్తుంటే కెమెరా సాకెట్ కూడా వదులవుతుంది. రీడర్ వదులైతే ఇంకొకటి కొనుక్కుంటాం, కెమెరా సాకెట్ పోతే రిపేరుకే. రీడర్ కొనాలన్న నీ ఆలోచన సరైనదే.

కొట్టుకి వెళ్ళే ముందు కార్డు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూడు. బంగారు రంగు పట్టీలు ఒక వరుసే ఉంటే అది యూహెచ్‌ఎస్‌-1 రకమో అంతకన్నా పాతదో, యూహెచ్‌ఎస్ అన్నది కార్డు వేగాన్ని బట్టి పెట్టిన పేరు. కింద ఇంకో వరుస ఉంటే యూహెచ్‌ఎస్‌-2. ముందు వైపు కూడా రోమన్ అంకెల్లో ఒకటి అనో రెండు అనో చిన్నగా ఉంటుంది. ఒక వరుస కార్డు ప్రమాణం ప్రకారం సెకనుకి 104 మెగాబైట్ల దాకా వెళ్తుంది, రెండు వరుసలది 312 దాకా. దాని పక్కనే యూ అక్షరంలో 3 అనో, వీ30 అనో కనిపిస్తే కంగారు పడకు. కెమెరా వీడియో తీస్తున్నప్పుడు కార్డు తగ్గకుండా నిలబెట్టాల్సిన కనీస వేగం అది, ఆ రెండింటికీ సెకనుకి 30 మెగాబైట్లు. రీడర్ కొనడానికి దాంతో పని లేదు.

ఇక వేగం సంగతి. నువ్వు అడిగిందీ ఇదే, నాకు చెప్పాలని ఉన్నదీ ఇదే. కార్డు, రీడర్, లాప్‌టాప్ పోర్టు, ఈ మూడింటిలో ఏది నెమ్మదిగా ఉంటే పని ఆ వేగంతోనే జరుగుతుంది. యూఎస్‌బీ 2.0 రీడర్ వేగం 480 అని డబ్బా మీద వేస్తారు. అది సెకనుకి మెగాబిట్లలో, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఎనిమిదితో భాగిస్తే 60 మెగాబైట్లు, అదీ కాగితం మీద. నిజంగా చేతికొచ్చేది 30, 40 మధ్య. నిండిన 64 జీబీ కార్డు దాంట్లో పెడితే సుమారు అరగంట పడుతుంది. అదే కార్డు యూఎస్‌బీ 3.0 రీడర్‌లో సెకనుకి 90 చొప్పున వస్తే పన్నెండు నిమిషాలు. కార్డు అదే, లాప్‌టాప్ అదే, మధ్యలో ఉన్నదొక్కటే మారింది.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకదాని మీద 3.0 అని, ఇంకోదాని మీద 3.1 జెన్ 1 అని, వేరేదాని మీద 3.2 జెన్ 1 అని ఉంటుంది. మూడూ ఒకటే, సెకనుకి 5 గిగాబిట్లు. పేరు కొత్తగా ఉందని ఎక్కువ డబ్బు పెట్టకు. 3.2 జెన్ 2 అని ఉంటే 10 గిగాబిట్లు, కానీ ఒక వరుస కార్డుకి 5 కూడా ఎక్కువే. నీ లాప్‌టాప్ పాతది కాబట్టి దాని పోర్టు కూడా చూడు. లోపల ప్లాస్టిక్ నీలం రంగులో ఉంటే సాధారణంగా 3.0. కొన్ని కంపెనీలు ఆ రంగు వేయవు, అప్పుడు పోర్టు పక్కన ఎస్‌ఎస్ అనే గుర్తు ఉందేమో చూడాలి. లాప్‌టాప్‌లోనే కార్డు స్లాట్ ఉంది కదా అంటావేమో. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ స్లాట్‌ని లోపల యూఎస్‌బీ 2.0కే కలుపుతారు, అప్పుడు బయటి రీడరే నయం.

ఇంకో మాట. కొన్ని ఒక వరుస కార్డుల మీద 170, 200 అని పెద్ద అంకెలు ఉంటాయి. ఒక వరుసకి 104 దాటదని ఇప్పుడే చెప్పాను కదా, మరి ఇదెలా? ప్రమాణంలో లేని పద్ధతి ఒకటి కంపెనీలు సొంతంగా పెట్టుకున్నాయి. ఆ పద్ధతి తెలిసిన రీడర్ ఉంటేనే ఆ వేగం వస్తుంది, అలాంటి రీడర్‌ని తరచుగా ఆ కంపెనీయే అమ్ముతుంది. మామూలు రీడర్‌లో 90 వస్తే కార్డు నకిలీదని భయపడకు. రెండు వరుసల కార్డు కొన్నవాళ్ళకి మాత్రం రెండు వరుసల రీడర్ ఉండాల్సిందే, లేకపోతే అది కూడా ఒక వరుస వేగంతోనే నడుస్తుంది. నీ కెమెరాకి ఇప్పుడు దాని అవసరం లేదు.

ఫోన్ గురించి కూడా అడిగావు. తీసిన వెంటనే ఫోన్లోకి దించుకుని పంపాలంటే టైప్-సీ ప్లగ్ ఉన్న రీడర్ కావాలి. నా సలహా ఒకవైపు టైప్-సీ, ఇంకోవైపు మామూలు యూఎస్‌బీ ఉన్నది తీసుకో, ఫోన్‌కీ పాత లాప్‌టాప్‌కీ ఒకటే సరిపోతుంది. ఫోన్లో వేగం తక్కువగా ఉంటే తప్పు రీడర్‌ది కాకపోవచ్చు. టైప్-సీ అనేది ప్లగ్ ఆకారం పేరే గానీ వేగం పేరు కాదు. ఐఫోన్ 15 చూడు, టైప్-సీ వచ్చింది కానీ మామూలు మోడల్‌కి యూఎస్‌బీ 2 వేగమే, ప్రో మోడల్‌కి 10 గిగాబిట్లు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఓటీజీ, అంటే ఫోన్‌కి బయటి వస్తువులు తగిలించుకునే సదుపాయం, ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అయిపోతుంది. రీడర్ పాడైందని తిరిగి ఇచ్చేసే ముందు అది చూసుకో. ఇంకొకటి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది.

స్లాట్లు రెండు చాలు, ఎస్‌డీకి ఒకటి, మైక్రో ఎస్‌డీకి ఒకటి. రెండు కార్డులూ ఒకేసారి తెరుచుకుంటాయో లేదో డబ్బా మీద చూడు, కొన్ని రీడర్లు ఒకసారికి ఒకదాన్నే చూపిస్తాయి. ఆరేడు స్లాట్లున్న పెద్ద రీడర్ నీకెందుకు? కాంపాక్ట్ ఫ్లాష్ అనే వేరే రకం కార్డుకి స్లాట్ ఉన్నదైతే అసలే వద్దు. దానిలో 50 సన్నటి పిన్నులు ఉంటాయి, కార్డు వంకరగా తోస్తే వంగిపోతాయి.

కొనేముందు స్లాట్‌లో కార్డు పెట్టి మెల్లగా కదిపి చూడు. ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. నా రెండో అనుభవం దీని గురించే. స్నేహితురాలి పాప ఫొటోలు కార్డు నుంచి లాప్‌టాప్‌లోకి కట్, పేస్ట్ చేస్తున్నాను. కాపీ కాదు, కట్. మోచేయి తగిలి రీడర్ కదిలింది, కనెక్షన్ తెగింది. మళ్ళీ పెడితే ఒక ఫోల్డర్ తెరుచుకోలేదు. ఆ కార్డు మీద ఇంకేమీ రాయకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికాను. చాలావరకు దొరికాయి. ఫైళ్ళ పేర్లు పోయాయి, ఏది ముందో ఏది తర్వాతో చూసి వరసగా పేర్చడానికి ఒక ఆదివారం అంతా పట్టింది. మూడు ఫొటోలు మాత్రం సగమే వచ్చాయి. ఒకదాంట్లో పాప ముఖం ఉంది, ముక్కు కింది నుంచి అంతా బూడిద రంగు. ఆ ఫొటో ఆమెకి చూపించేటప్పుడు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి నేను కట్ చేయడం మానేశాను. కాపీ చేసి, నాలుగైదు ఫొటోలు పెద్దవి చేసి చూసి, ఇంకో డ్రైవ్‌లోకి రెండో కాపీ వేసుకుని, ఎజెక్ట్ కొట్టి, అప్పుడే కార్డు తీస్తాను. ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చేస్తాను, లాప్‌టాప్‌లో కాదు. నువ్వూ అలాగే చెయ్యి. కార్డు పక్కనున్న చిన్న లాక్ వేస్తే భద్రమే కదా అనుకోవద్దు. లోపలి చిప్‌కి ఆ లాక్ సంగతే తెలియదు, దాన్ని చూసి రాయకుండా ఆగాల్సింది రీడరే. చవక రీడర్లలో కొన్ని పట్టించుకోవు. లాక్ వేసి ఏదైనా పనికిరాని ఫైలు కార్డులోకి కాపీ చేసి చూడు, కాపీ అయిపోతే ఆ లాక్‌ని నమ్మకు.

లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చే రకం కన్నా పొట్టి వైరు ఉన్న రకం నాకు నచ్చుతుంది. చేయి తగిలినా పోర్టు మీద బరువు పడదు, పక్క పోర్టు మూసుకుపోదు. వైరు రీడర్‌కే అతికి ఉండాలి. విడిగా వచ్చేదైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది, అప్పుడు ఛార్జర్ వైరు పెడతావు, ఆ వైర్లు చాలావరకు 2.0 వేగానివే. ఎక్కువసేపు కాపీ చేస్తే రీడర్ వెచ్చబడుతుంది, అది మామూలే. చేయి పెట్టలేనంత కాలితే వెనక్కి ఇచ్చెయ్.

ఇంతకీ నువ్వు కార్డు మీద ఏం రాసుందో చెప్పలేదు. ముందూ వెనకా ఫొటో తీసి పంపు. కొట్లో రెండు మూడు చూపిస్తే వాటి డబ్బాల ఫొటోలు కూడా పంపు, నేను మెలకువగానే ఉంటాను, వెంటనే చెప్తాను.

కిటికీ దగ్గరి ఆ ఫొటో పెద్ద సైజులో ప్రింటు తీయించాను. ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. మడత పడకుండా అమ్మ చేతికే ఇవ్వు.

నాన్నకి నా నమస్కారాలు చెప్పు.

నీ అక్క