మూసీ ఒడ్డున ఏం కడతారో ముందు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో మూసీ నది తీరాన్ని అందంగా మారుస్తామన్న ప్రభుత్వ పథకం మీద పోయిన ఆదివారం మీ పత్రికలో వేసిన పేజీ చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను, చల్లారలేదు. పేజీ నిండా రంగుల బొమ్మలే. నీలం నీళ్లు, పడవలు, ఒడ్డు పొడుగునా అద్దాల మేడలు, చెట్ల కింద తీరిగ్గా కూర్చున్న మనుషులు. ఎంత వెతికినా అందులో ఒడ్డున ఉన్న మూసానగర్ బస్తీ కనబడలేదు, ధోబీఘాట్ కనబడలేదు, గడ్డి మోపు ఎత్తుకున్న ఒక్క మనిషి కనబడలేదు. ఆ బొమ్మ ఏ నదిదో కింద పేరు చదివితే తప్ప తెలియదు.

మూసీ బాగుపడొద్దని నేననను. అంబర్‌పేటలో ఉంటూ, మూసారాంబాగ్ వంతెన దాటి మలక్‌పేట వైపు బడికి ముప్పై రెండేండ్లు పోయివచ్చిన పంతులును. ఎండాకాలం వంతెన ఇంకా రాకముందే రుమాలు తీసి ముక్కుకు కట్టుకునేవాళ్లం. వానాకాలం వంతెన మీద నుంచే నీళ్లు పారితే చుట్టూ తిరిగి పోయేవాళ్లం. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడితే అది మూసీ గాలి అని మా అమ్మ అనేది. ఈ నది శుభ్రపడితే అందరికంటే ముందు సంతోషపడేది ఒడ్డున బతికిన మేమే.

కానీ పథకం కోసం ఒడ్డున ఇండ్లు తీసేసిన తర్వాత ఆ జాగా ఏం చేస్తారు? పార్కుకు ఎన్ని ఎకరాలు, రోడ్డుకు ఎన్ని, కంపెనీలకు ఎన్ని? ఒక కార్యాలయానికి పోయి అడిగితే ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు. అక్కడికి పోతే డీపీఆర్, అంటే పని పూర్తి వివరాల నివేదిక, ఇంకా రాలేదన్నారు. డీపీఆర్ రానప్పుడు ఇండ్ల గోడల మీద ఎర్రరంగు గుర్తులు ఎట్లా వేశారని అడిగాను. "పెద్దాయనా, మీ ఇల్లు పోతున్నదా? పోనప్పుడు మీకెందుకు?" అన్నాడు అక్కడి మనిషి. నా ఇల్లు పోదు. కానీ నేను పుట్టి పెరిగిన పట్నం ఇది. అడిగే హక్కు నాకు లేదని ఏ కాగితంలో రాసి ఉంది?

మూసీ ఒడ్డును బాగుచేయడం ఈ పట్నానికి కొత్త సంగతి కాదు. 1908 సెప్టెంబరు 28 వరదలో దాదాపు 15 వేల మంది పోయారంటారు. ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఉన్నచోట ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని మా తరం పిల్లలందరికీ ఇండ్లల్లో చెప్పేవాళ్లు. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ముందు నది పైభాగం సంగతి చూశాడు. నగరానికి ఎగువన వరదను పట్టి ఆపే జలాశయాలు కట్టాలన్నాడు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ రోజుల్లో ఒడ్డున లేచినవి చూడండి: హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, సిటీ కాలేజీ, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం. చెప్పులు లేని మనిషి కూడా లోపలికి పోగల కట్టడాలు. నేను చదివిన పుస్తకాల్లో సగం ఆ గ్రంథాలయానివే. మా నాన్న చివరి రోజులు గడిచింది ఉస్మానియాలోనే. నవాబుల కాలంలో మూసీ ఒడ్డు ఆస్పత్రికి, చదువుకు పోయింది. మనం ఓట్లేసి ఎన్నుకున్నవాళ్ల కాలంలో ఎవరికి పోతుందో చెప్పే నాథుడు లేడు.

వచ్చిన ప్రతి ప్రభుత్వమూ మూసీ పేరెత్తింది. 90వ దశకంలో నందనవనం అన్నారు. పేదల్ని కదిలించారు, మురుగు కదల్లేదు. 2017లో ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టారు. 2024 నుంచి గండిపేట మొదలు 55 కిలోమీటర్లు అంటున్నారు, లక్షన్నర కోట్ల మాట వినబడింది, అంత కాదని మళ్లీ వాళ్లే అన్నారు. ఒక ఇల్లు కట్టుకునే కూలిమనిషి కూడా ఇటుకకెంత, సిమెంటుకెంత అని ముందే లెక్క వేసుకుంటాడు. ఇంత పెద్ద పనికి ఖర్చు లెక్క జనం ముందు పెట్టడానికి ఏమిటి కష్టం?

మన మంత్రులు, అధికారులు 2024లో సియోల్ పోయి చూసివచ్చారు. అక్కడి చంగ్యేచాన్ వాగులో బాగుచేసింది ఆరు కిలోమీటర్లు కూడా లేదు, అందులో పారే నీళ్లు ఎక్కువగా హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేవి. సబర్మతిని చూపిస్తారు. అహ్మదాబాద్‌లో నిండుగా కనబడేది నర్మద కాలువ నీళ్లు. అక్కడ నదిని గోడల మధ్య కుదించి సుమారు 200 హెక్టార్ల జాగా తీశారు, ఖర్చు రాబట్టుకోవడానికి అందులో కొంత అమ్మకానికి పెట్టారు. వేల కుటుంబాలు ఊరి బయటికి పోయాయి. మనకూ మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి గండిపేట, హిమాయత్‌సాగర్ నింపుతామంటున్నారు. తెండి, మంచిదే. కానీ ఆ నీళ్లు పైన పోస్తూ ఉంటే కింద నాలాలు మురుగు కలుపుతూ ఉంటే గోదావరి కూడా నల్లబడుతుంది. 3,866 కోట్లతో 31 మురుగు శుద్ధి ప్లాంట్లు తలపెట్టారు కదా. రోజుకు 1,259 మిలియన్ లీటర్లు శుభ్రం చేయాల్సినవి. వాటిలో ఎన్ని నిండా నడుస్తున్నాయి, ఏ నాలా మురుగు ఏ ప్లాంటుకు చేరుతోంది, నెలనెలా మీ పత్రికలో లెక్క వేయించండి. బోనగిరి వైపు పోయి మూసీ మీది రుద్రవెల్లి కత్వ (చిన్న ఆనకట్ట) దగ్గర నిలబడితే నురగ ఎట్లా దూకుతుందో కనబడుతుంది. పోచంపల్లి, వలిగొండ రైతులు ఆ నీళ్లతోనే వరి పండిస్తున్నారు, మనం పంపిన మురుగులో కాళ్లు పెట్టి నాట్లు వేస్తున్నారు. వాళ్లకు కావాల్సింది మన పడవలు కావు.

ఎగువ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. పైన వాగుల మీద మేడలు లేపి, కింద తీరానికి సొగసులు దిద్దితే నది ఎట్లా బతుకుతుంది?

ఒడ్డున ఉన్నవాళ్లను అట్లాగే వదిలేయమని కూడా నేను చెప్పను. 2020 అక్టోబరులో మూసానగర్, కమలానగర్ ఇండ్లల్లోకి నీళ్లొచ్చాయి. 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండే మునిగింది, రాత్రిపూట ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది. నది తన జాగా తాను అడుగుతోంది. ఆ జాగా నదికే ఇస్తామంటే నేనే పోయి ఇంటింటికీ నచ్చచెబుతాను. పేదవాడి రేకుల ఇల్లు వరదకు అడ్డమని తీసేసి, అదే చోట ఇరవై అంతస్తులు లేపితే మాత్రం ఒప్పుకోను. వరదకు రేకులూ అద్దాలూ ఒకటే.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి శంకర్‌నగర్‌లో ఉండేది, నాలుగిండ్లల్లో పని చేసుకునేది. పిల్లిగుడిసెల దగ్గర డబుల్ బెడ్‌రూం ఇచ్చారు, ఇల్లు బాగానే ఉందన్నది. కానీ పిల్లల బడి మధ్యలో పోయింది, చేసే ఇండ్లల్లో రెండు పోయాయి. "సార్, మా ఇండ్ల జాగల మంచి నీళ్లు వస్తయంటున్నరు గద, చూడనీకి మమ్మల్ని రానిస్తరా?" అని అడిగింది. ముప్పై రెండేండ్లు పిల్లలకు జవాబులు చెప్పినవాణ్ణి, ఆమెకు చెప్పలేకపోయాను.

కాబట్టి ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. తీసుకున్న ప్రతి ఎకరానూ సర్వే నంబరుతో, దేనికి వాడతారో రాసి, తెలుగులో, ఉర్దూలో వార్డు కార్యాలయాల గోడలకు అంటించండి. నదీగర్భంలో, ఒడ్డున ఖాళీ చేసిన జాగాలో ఒక్క గజం కూడా అమ్మబోమని, లీజుకివ్వబోమని చట్టం చేయండి. సభలు చాదర్‌ఘాట్‌లో, లంగర్‌హౌజ్‌లో పెట్టండి, హోటళ్లలో వద్దు.

మీకూ ఒక మనవి. మళ్లీ ఆ రంగుల బొమ్మ వేసే రోజు, దాని పక్కనే ఆ చోటు సర్వే పటం కూడా వేయండి. ఏ మేడ ఎవరి ఇంటి మీద నిలబడుతుందో చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబర్‌పేట, హైదరాబాద్