హోరాహోరీ కాదు, ఏకపక్షం

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ జిల్లా పేజీలో బాలుర బాక్సింగ్ పోటీల వార్త చదివాను. ఫైనల్ ‘హోరాహోరీగా సాగింది’ అని రాశారు. ఆ రోజు నేను రెండో వరుసలోనే కూర్చున్నాను. అది హోరాహోరీ కాదండీ. ఒకడు కొట్టాడు, ఇంకొకడు తిన్నాడు, అంతే. దెబ్బలకి తూలినవాడు తేరుకోవడానికి రిఫరీ రెండుసార్లు ఆట ఆపి ఎనిమిది దాకా కౌంట్ చేసినా, ఓడుతున్న పిల్లాడి కార్నర్ నుంచి ‘ఇంకొక్క రౌండే, లాగెయ్‌రా’ అనే కేకలే గానీ ‘ఇక చాలు’ అన్న మాట రాలేదు. ఆట ఆపమని రింగులోకి విసరాల్సిన టవల్ కోచ్ మెడలోనే ఉండిపోయింది. ‘డాక్టర్’ అని చీటీ అంటించిన కుర్చీలో ఎవరిదో స్కూల్ బ్యాగు ఉంది.

ఆ ‘ఇంకొక్క రౌండ్’ మాట వింటే నాకు 1980 గుర్తొస్తుంది. ఆ ఏడాది మొదట్లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చాడు. నేనప్పుడు నందనం వైఎంసీఏ కాలేజీలో వ్యాయామ విద్య చదువుతున్నాను. నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ మ్యాచ్. ముఖ్యమంత్రి ఎంజీఆర్ కూడా వచ్చారు. జనం ఇద్దరిలో ఎవరిని చూసి ఎక్కువ అరిచారో ఇప్పటికీ చెప్పలేను! అలీకి ఒళ్లు వచ్చింది, కాళ్లలో ఆ పాత నాట్యం లేదు. ముందు ఏడాదే రిటైరైన మనిషి కదా, ఏదో సరదాకి ఆడుతున్నాడులే అనుకున్నాం.

అదే ఏడాది అక్టోబర్ 2న లాస్ వెగాస్‌లో లారీ హోమ్స్‌తో ప్రపంచ టైటిల్ కోసం బరిలోకి దిగాడు. సీజర్స్ ప్యాలెస్ హోటల్ ఆవరణలో తాత్కాలికంగా కట్టిన స్టేడియం అది. అలీకి 38 ఏళ్లు, హోమ్స్‌కి 30. ఒకప్పుడు అలీకి స్పారింగ్ పార్ట్‌నర్‌గా, అంటే సాధనలో ఎదురుగా నిలబడి ఆడేవాడిగా ఉన్నవాడే ఈ హోమ్స్. అప్పటికి 35 ఫైట్లు ఆడి ఒక్కటీ ఓడలేదు. అలీ జుట్టుకి రంగేసుకుని, బరువు తగ్గి, ఫొటోల్లో పాత అలీలాగే కనిపించాడు. ఆ తగ్గడం వెనక కథ వేరు. థైరాయిడ్ మాత్రలు రోజుకి ఒకటి వేసుకోవాల్సింది మూడు వేసుకున్నాడట. గంట కొట్టేసరికే ఒంట్లో నీరు లేదు, సత్తువ లేదు.

పది రౌండ్లు జరిగాయి. ముగ్గురు జడ్జీల్లో ఒక్కరూ ఒక్క రౌండైనా అలీకి ఇవ్వలేదు. చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని తాళ్లకి ఆనుకుని నిలబడ్డాడు. తొమ్మిదో రౌండ్‌లో డొక్కలో పంచ్ తగిలితే అలీ నొప్పికి అరిచాడని దగ్గరున్నవాళ్లు చెప్పారు. గెలుస్తున్న హోమ్స్ కూడా ‘ఆపండయ్యా’ అన్నట్టు రిఫరీ వైపు చూశాడు. అయినా ఆట ఆగలేదు. పదో రౌండ్ అయ్యాక శిక్షకుడు యాంజెలో డండీ ఇక చాలన్నాడు. పక్కనే ఉన్న బండినీ బ్రౌన్, అలీని ప్రాణంగా చూసుకున్న మనిషి, ఇంకొక్క రౌండ్ ఆడనివ్వమని డండీని పట్టుకుని బతిమాలాడు. డండీ వినలేదు. అలీ మొత్తం కెరీర్‌లో నిర్ణీత రౌండ్లు పూర్తికాకుండా ఓడిన ఫైట్ ఇదొక్కటే. ఆ రాత్రి గెలిచిన హోమ్సే ఏడ్చాడు.

నాకు కోపం డండీ మీద కాదు. ఆయన ఆలస్యంగానైనా ఆపాడు. అసలు ఆ ఫైట్‌కి లైసెన్స్ ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న. లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో బాక్సర్లకి లైసెన్స్ ఇచ్చే కమిషన్ అడిగితే, మేయో క్లినిక్ అనే పెద్దాసుపత్రిలో అలీకి పరీక్షలు చేశారు. వేలితో ముక్కు కొనని తాకమంటే గురి తప్పిందనీ, ఒంటికాలి మీద గెంతమంటే సరిగా గెంతలేకపోయాడనీ అందులో రాశారు. చివరికి మాత్రం ఆడకూడదనడానికి ప్రత్యేకమైన కారణమేదీ లేదని తేల్చారు. కమిషన్‌కి ఆ చివరి వాక్యం సరిపోయింది. అలీకి 80 లక్షల డాలర్లు అన్నారు, అందులోనూ ప్రమోటర్ డాన్ కింగ్ పది లక్షలకి పైగా కోసేశాడు. 1984లో అలీకి పార్కిన్సన్స్ (చేతులు వణికే, కదలికలు మందగించే మెదడు జబ్బు) లక్షణాలున్నాయని బయటపడింది. అది ఈ ఒక్క ఫైట్ వల్లే అని ఎవరూ అనలేరు, నేనూ అనను. కానీ ఆ పది రౌండ్లు అతనికి ఏ మేలూ చేయలేదని చెప్పడానికి డాక్టర్ అక్కర్లేదు.

అలీ-హోమ్స్ ఫైట్ అయిన రెండేళ్లకి, 1982లో, అదే సీజర్స్ ప్యాలెస్‌లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండ్‌లో పడిపోయి, కొద్ది రోజులకి చనిపోయాడు. ఆ తర్వాతే టైటిల్ ఫైట్లు 15 రౌండ్ల నుంచి 12కి తగ్గాయి.

మన పిల్లలవి మూడు రౌండ్ల ఆటలే, నిజమే. హెడ్‌గార్డ్ ఉంది కదా అంటారు. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా ఆపుతుంది గానీ, తల అదిరితే లోపల మెదడు కదలడాన్ని ఆపదు. ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేసినవాణ్ణి, పిల్లల్ని బాక్సింగ్ మాన్పించమని నేను అనను. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది ఇలాంటి చిన్న పోటీల్లో మొదలుపెట్టే. నేను అడిగేది చిన్న విషయం. డాక్టర్ వచ్చి కుర్చీలో కూర్చునేదాకా మొదటి గంట కొట్టొద్దు. రెండో కౌంట్ తర్వాత ఆపే అధికారం ఆ డాక్టర్‌కి కాగితం మీద ఉండాలి. మీ విలేకరి కూడా ఫలితంతో పాటు డాక్టర్ ఉన్నారా లేదా అన్నది ఒక్క ముక్క రాస్తే చాలు, తర్వాతి పోటీకి నిర్వాహకులే పరుగెత్తి పిలుచుకొస్తారు.

ఆ ఫైనల్ అయ్యాక ఓడిన కుర్రాడు మెట్ల మీద కూర్చుని షూ లేసు కట్టుకోబోయాడు. నాలుగుసార్లు ప్రయత్నించాడు. లేసు కొన రంధ్రంలోకి పోలేదు. వాళ్ల నాన్న వంగి కట్టాడు. నేను దగ్గరికెళ్లి, రేపొకసారి తలకి స్కాన్ తీయించండి అన్నాను. ‘ఏం లేదు మాస్టారూ, టెన్షన్ అంతే’ అన్నాడాయన.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, నెల్లూరు