ఓటమికీ ఏర్పాట్లు కావాలి

సంపాదకులకు,

ఫుట్‌బాల్ ఫైనల్ రోజున కూడళ్లలో పెద్ద తెరలు కట్టేవారు గెలుపు సంబరానికే సిద్ధమవుతారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌నే చూడండి. 68వ నిమిషంలో రాహుల్ గోల్‌తో కేరళ బ్లాస్టర్స్ ముందంజ వేసింది. 88వ నిమిషంలో హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా లెక్క సరిచేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపడంతో 3-1తో కప్పు మన హైదరాబాద్‌కు వచ్చింది. కొచ్చిలోని బ్లాస్టర్స్ అభిమానులకు 2014, 2016 తర్వాత అది మూడో ఫైనల్ ఓటమి. 2016లోనైతే సొంత మైదానంలోనే, అదీ పెనాల్టీల్లోనే, పాపం!

ఇలాంటి మ్యాచ్ 90 నిమిషాలతో తీరదు. విరామం 15, అదనపు సమయం 30, పైన పెనాల్టీలు. రాత్రి ఏడున్నరకు మొదలైతే పది దాటుతుంది. పది తర్వాత లౌడ్ స్పీకర్లపై నిషేధం ఉంది కాబట్టి సరిగ్గా పెనాల్టీల వేళే మైకు కట్టేయాల్సి వస్తుంది. అనుమతి ముందే అడగాలి. జనరేటర్‌లో డీజిల్ కూడా మూడు గంటలకు పైగా సరిపోయేలా పోయించాలి.

అసలు చిక్కు ప్రసారంతో. ఇంటర్నెట్ ప్రసారం మామూలుగా డిష్ కన్నా కొన్ని సెకన్లు వెనకబడుతుంది. తెర మీద ఆటగాడు ఇంకా బంతి సర్దుకుంటుంటే పక్క మేడలోంచి కేక వినపడుతుంది, అంతే, పెనాల్టీ చప్పబడిపోతుంది. ప్రొజెక్టర్‌కు డిష్ బాక్సు కలపడం మేలు.

గెలిస్తే జనం విడతలుగా కదులుతారు, ఓడితే అందరూ ఒక్కసారే లేస్తారు. తెరకు రెండు వైపులా దారి వదలండి. దీపాలు చివరి కిక్కు పడగానే వెలగాలి.

— ఫుట్‌బాల్ అభిమానులు, సికింద్రాబాద్